పాటా నవ్వూ కలిసిన గొంతు

తెలుగు రేడియోలో అన్నయ్య, అక్కయ్య అని పేరుపడ్డ ఇద్దరూ నిజానికి భార్యాభర్తలు. న్యాయపతి రాఘవరావు 1905లో బరంపురంలో పుట్టారు. కామేశ్వరి 1908లో విజయనగరంలో పుట్టారు. తూర్పు కనుమలకూ సముద్రానికీ మధ్య సన్నగా సాగిన నేల మీది ఊళ్లవి. ఆ ఊళ్లకు పడమటి దిక్కున కొండలు, ఆ కొండల మీద అరకు, పాడేరు, కోరాపుట్. 1938 జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం మొదలయ్యాక, తెలుగు పిల్లల కార్యక్రమం ఈ దంపతుల చేతికి వచ్చింది. వింటున్న పిల్లల్లో చాలామందికి వాళ్ల ముఖాలు తెలియవు, గొంతులే తెలుసు. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడం తెలుగిళ్లలో అలవాటు లేదు. అందుకని ఆ గొంతులకు వరస కలిపేశారు. ఒకరు అన్నయ్య, ఒకరు అక్కయ్య. ఆ ఇద్దరిదీ ఒకే కాపురమన్న సంగతి ఎవరికీ అడ్డు రాలేదు.

ఆ రోజుల్లో రేడియో పెట్టె ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి ఉండేది. పిల్లల కార్యక్రమం వేళకు వీధిలో పిల్లలంతా ఆ ఇంటి వసారాలో చేరేవారు. పెట్టెలోంచి వచ్చేది పెద్దవాళ్ల ఉపన్యాసం కాదు. పిల్లలే పాడేవారు, పద్యాలు చదివేవారు, హాస్య నాటికలు ఆడేవారు. అన్నయ్య, అక్కయ్య మధ్యలో ఒక మాట అందించి తప్పుకునేవారు. హాస్య కార్యక్రమాన్ని నడిపే మనిషికి కావలసిన గుణాల్లో మొదటిది ఇదే. తాను నవ్వించడం కన్నా, నవ్వు పుట్టే చోటు వదిలిపెట్టడం వచ్చి ఉండాలి. ఎదుటి మనిషి చిన్నపిల్లాడైతే అది మరీ అవసరం.

ఈ అభిమానం రేడియో దగ్గరే ఆగలేదు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం ఏర్పడింది. 1945లో ‘బాల’ పత్రిక వచ్చింది. మద్రాసులో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు ఆ పత్రికలోనే తొలిసారి అచ్చులో కనిపించారు. బొమ్మ వేసినవాడు తరవాత బాపు అయ్యాడు. ‘అమ్మ మాట వినకపోతే’ అనే కథ రాసినవాడు ముళ్లపూడి వెంకటరమణ అయ్యాడు. ఆ ఇద్దరూ కలిసి పుట్టించిన బుడుగును చూసి తెలుగువాళ్లు నవ్విన ప్రతి నవ్వులోనూ ‘బాల’ పెట్టిన బడి వాటా కొంత ఉంది. 1956లో అన్నయ్య, అక్కయ్య హైదరాబాదు చేరారు, సంఘం కూడా వెంట వచ్చింది. 1980లో కామేశ్వరి, 1984లో రాఘవరావు కన్నుమూశారు. అక్కయ్య అనే పిలుపు మాత్రం హైదరాబాదు కేంద్రంలో పిల్లల కార్యక్రమాలు నడిపిన తురగా జానకీరాణికి వారసత్వంగా దక్కింది.

పాటనూ నవ్వునూ ఒకే గొంతులో కలపడం ఈ నేలకు రేడియో నేర్పిన విద్య కాదు. కామేశ్వరి పుట్టిన విజయనగరంలోనే ఆదిభట్ల నారాయణదాసు హరికథకు నిండు రూపం ఇచ్చారు. 1864లో పుట్టి 1945 దాకా జీవించిన ఆ మహానుభావుడు సంస్కృతాంధ్రాల్లో పండితుడు, లయలో ఉద్దండుడు, 1919లో అక్కడ వెలసిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు. హరికథ చెప్పేవాడికి కాలికి గజ్జె, చేతిలో చిడతలు, నోట కీర్తన ఉంటాయి. కథ బరువెక్కినప్పుడు ఒక పిట్టకథ చెప్పి జనాన్ని కడుపుబ్బ నవ్విస్తాడు. ఆ నవ్వు ఇంకా తగ్గుతూ ఉండగానే తాళం తప్పకుండా మళ్లీ కీర్తన ఎత్తుకుంటాడు. ఎక్కడ ఆపాలి, ఎంతసేపు ఆపాలి, ఎక్కడ అందుకోవాలి అన్నదే అందులో కష్టమంతా. పాటకు అదే ప్రాణం, హాస్యానికీ అదే. సమం తెలిసినవాడికి నవ్వు ఎక్కడ పడుతుందో కూడా తెలుస్తుంది.

ఈ తోవలోనే తెలుగు రేడియోకు ప్రయాగ నరసింహశాస్త్రి వచ్చారు. జానపద గేయాలు పాడడంలోనూ, నవ్వించడంలోనూ ఆయనది అందెవేసిన చెయ్యి. సంగీతం వైపు అందరికన్నా పెద్ద పేరు బాలాంత్రపు రజనీకాంతరావుది. 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుని, 1941లో ఆయన మద్రాసు రేడియోలో చేరారు. 1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు కేంద్రం నుంచి వినిపించిన ‘మాదీ స్వతంత్ర దేశం’ ఆయన రచన, ఆయన బాణీ. పాడింది టంగుటూరి సూర్యకుమారి. 1945 నాటి ‘స్వర్గసీమ’లో భానుమతి పాడిన పావురం పాట వెనక కూడా ఆయన చెయ్యి ఉంది. ‘బ్లడ్ అండ్ శాండ్’ అనే హాలీవుడ్ చిత్రంలో విన్న స్పానిష్ పోకడ బాణీ ఆ పాటకు ప్రేరణ. పడమటి స్వరం విని బెదరకుండా దాన్ని తెలుగు నోటికి పట్టేలా మలచడం అప్పట్లో చిన్న సాహసం కాదు. ఆయన రాసిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’కు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2018 ఏప్రిల్ 22న, 98 ఏళ్ల వయసులో, విజయవాడలో ఆయన తుదిశ్వాస విడిచారు. విజయవాడ కేంద్రం భక్తిరంజని వింటూ పెరిగిన తరాలకు ఆయన గొంతు, ఆయన కట్టిన బాణీలు తెల్లవారుజామునే ఇంట్లోకి వచ్చే చుట్టాలు.

ఈ గొంతులు కొండల మీదికి ఎలా చేరాయన్నది వేరే ముచ్చట. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, చుట్టూ అంతకన్నా ఎత్తైన కొండల మధ్య ఉంది. విశాఖ నుంచి వెళ్లేవాళ్లు శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అక్కడికి చేరతారు. 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక దాని మీడియం వేవ్ ప్రసారం 927 కిలోహెర్ట్‌జ్‌ మీద స్థిరపడింది. ఆ తరంగం నిడివి దాదాపు 323 మీటర్లు. అంత పొడుగాటి తరంగం నేలను అంటిపెట్టుకుని పోతుంది, కొండ అడ్డం వస్తే కొంతవరకు దాని మీదుగా వంగి అవతల దిగుతుంది. ఎఫ్.ఎం. తరంగం నిడివి మూడు మీటర్లే. అది చూపు సాగినంత మేరే సాగుతుంది. ఎదురుగా కొండ ఉంటే దాని వెనక ఎఫ్.ఎం.కు నీడ పడినట్టే. మైదానంలో ఎఫ్.ఎం. వచ్చాక మీడియం వేవ్‌ను మరిచిపోయారు గాని, కొండ మడతల్లోని గూడేలకు అసలు సిసలు రేడియో అదే.

రాత్రిపూట ఇంకో విశేషం జరుగుతుంది. పగలు ఆకాశంలో ఎండ వల్ల ఏర్పడే ఒక అయాను పొర పైకి వెళ్లే మీడియం వేవ్‌ను మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర చెదిరిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరను తాకి తిరిగి నేలకు దిగుతాయి. అందుకే చీకటి పడ్డాక లోయలో విశాఖతో పాటు విజయవాడ లాంటి దూరపు కేంద్రాలు కూడా తేలి వస్తాయి. గొంతు కాసేపు దగ్గరగా, కాసేపు దూరంగా వినిపిస్తుంది. ట్రాన్సిస్టర్‌ను అటూ ఇటూ తిప్పి, లోపలి ఫెరైట్ కడ్డీ కేంద్రం వైపు అడ్డంగా నిలిచేలా పెడితే గొంతు స్పష్టమవుతుంది. భౌతికశాస్త్రం చదవకపోయినా రేడియో ఉన్నవాళ్లందరికీ ఈ కిటుకు వచ్చు. కరెంటు లేని ఊళ్లలో సెల్లుల మీద నడిచే రేడియోను పొదుపుగా వాడుకోవాల్సి వచ్చేది. తరవాతి సంత దాకా సెల్లులు రావాలంటే, ఏ కార్యక్రమం వినాలో ముందే అనుకుని పెట్టాల్సి వచ్చేది. అలా ఏరుకుని విన్న గొంతును మరిచిపోవడం కష్టం.

కొండవాళ్లు కేవలం శ్రోతలు కారు. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జా, గదబ తెగల వాళ్లు ఆడే థింసా నాట్యానికి మోరి, కిరిడి, తుడుం, డప్పు, జోడుకొమ్ములు వాయిస్తారు. మోరి సన్నాయి జాతి ఊదు వాద్యం. ఆడవాళ్లు నడుముల మీదుగా చేతులు కలిపి గొలుసుగా కదులుతుంటే, మోరి ఊదేవాడు వాళ్ల అడుగును చూస్తూ వరస మారుస్తాడు. అడుగు జోరందుకుంటే తుడుం జోరందుకుంటుంది. భాగ్ థింసాలో పులి బారి నుంచి తప్పించుకోవడం, పోతర్‌తోలలో ఆకులు ఏరడం ఆడి చూపిస్తారు. కుర్రాళ్లూ పిల్లలూ ఒకరినొకరు పాటలో ఎకసెక్కాలాడుకోవడమూ ఉంటుంది. ఎవరూ కాగితం మీద రాసిపెట్టుకోని సంగీతం ఇది. ఒకరు అంటే ఇంకొకరు అందుకునే సంగీతం.

ఆ మాట జాజ్‌కు కూడా సరిపోతుంది. అమెరికాలో న్యూ ఓర్లీన్స్ నల్లజాతి వాద్యగాళ్ల చేతుల్లో పుట్టిన జాజ్‌లో ట్రంపెట్ అసలు వరస పాడుతుంటే క్లారినెట్ దాని చుట్టూ అల్లుతుంది, ట్రొంబోన్ కింద నుంచి జవాబు చెబుతుంది. కర్ణాటక కచేరీలో అప్పటికప్పుడు అల్లే మనోధర్మం అనేదానికి అక్కడ చాలా పెద్ద పీట. ఈ సంగీతాన్ని ఇంగ్లండులో ఇంటింటి మాట చేసినవాళ్లలో ముఖ్యుడు హంఫ్రీ లిటిల్‌టన్. పాట, నవ్వు అనే ఆ రెండు విద్యలూ ఆయన ఒక్కడిలో చేరాయి. ఒక చేత్తో ట్రంపెట్, ఇంకో చేత్తో రేడియో హాస్య కార్యక్రమం. అభిమానులు ఆయన్ను హంఫ్ అనే పిలిచారు.

ఆయన 1921 మే 23న ఈటన్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి ప్రసిద్ధ పాఠశాలలో ఉపాధ్యాయుడు. రెండో ప్రపంచ యుద్ధంలో హంఫ్ గ్రెనడియర్ గార్డ్స్ దళంలో పనిచేశాడు. 1945 మే 8న ఐరోపాలో యుద్ధం ముగిసిన రోజు, బకింగ్‌హామ్ రాజప్రాసాదం ముందు పోగైన జనంలో ఆయన ట్రంపెట్ ఊదాడు, తోపుడు బండి మీద కూర్చోబెట్టి ఊరేగించారు. బీబీసీ ఆ సందడిని రికార్డు చేసింది. 1948లో సొంత బృందం కట్టాడు. ఆ ఏడే నీస్ నగరంలో, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా వాయించిన జాజ్ ఉత్సవంలో పాల్గొన్నాడు.

పాత వరసనే పట్టుకుని వేలాడే మనిషి కాదు. 1953లో సాక్సఫోన్ వాయించే బ్రూస్ టర్నర్‌ను బృందంలోకి తీసుకున్నప్పుడు సంప్రదాయవాదులైన అభిమానులకు ఒళ్లు మండింది. బర్మింగ్‌హామ్ సభలో టర్నర్‌ను వెళ్లిపొమ్మంటూ బ్యానరు కూడా పట్టారు. హంఫ్ లెక్క చెయ్యలేదు. 1956లో వచ్చిన ‘బ్యాడ్ పెన్నీ బ్లూస్’ బ్రిటిష్ అమ్మకాల పట్టికలో తొలి ఇరవైలోకి చేరింది. బ్రిటిష్ జాజ్ రికార్డుల్లో ఆ మెట్టు ఎక్కిన మొదటిది అదే. అందులో పియానో ఎడమచేతి నడక 1968లో బీటిల్స్ చేసిన ‘లేడీ మడోన్నా’లో ప్రతిధ్వనించింది. 2001లో వచ్చిన తమ ఆల్బమ్‌లో ఒక పాటకు రేడియోహెడ్ బృందం ఆయన్నూ, ఆయన వాద్యగాళ్లనూ పిలిపించుకుంది. ఆల్బమ్ వచ్చేనాటికి ఆయనకు ఎనభై ఏళ్లు. మనవల వయసు కుర్రాళ్లు కోరి పిలవడం ఆ వయసు సంగీతకారుడికి దక్కే గొప్ప గౌరవం. పత్రికలకు కార్టూన్లు వేశాడు, అందమైన చేతిరాతకు పేరుపొందాడు, పక్షులను చూస్తూ తిరిగాడు. వాటన్నిటి గురించీ చెప్పాలంటే వేరే ప్రసంగం కావాలి.

1972 ఏప్రిల్ 11న బీబీసీలో ‘ఐయామ్ సారీ ఐ హావెంట్ ఎ క్లూ’ మొదలైంది. పేరుకు క్విజ్, నిజానికి క్విజ్‌ల మీద పరిహాసం. టిమ్ బ్రూక్-టేలర్, గ్రేమ్ గార్డెన్, బ్యారీ క్రయర్, విల్లీ రష్టన్ అందులో దీర్ఘకాలం ఆడిన నలుగురు. పియానో దగ్గర కోలిన్ సెల్. మార్కులు వేయడానికి సమాంతా అనే అమ్మాయి ఉందని చెప్పేవారు. ఆ అమ్మాయి అసలు లేనేలేదు, మార్కులు ఎవరూ వేయరు. హంఫ్ అధ్యక్ష స్థానంలో కూర్చుని, తనకు ఇక్కడేం జరుగుతోందో అర్థం కావడం లేదన్నట్టు, కాస్త విసుగ్గా, తాపీగా కాగితం చదివేవాడు. వాక్యంలో దాగిన కొంటె అర్థానికి సభ గొల్లుమంటే, ఎందుకు నవ్వుతున్నారో తెలియనట్టు ఆగేవాడు. నవ్వు సగానికి తగ్గాక, పూర్తిగా చల్లారకముందు, తరవాతి మాట అనేవాడు. హరికథలో చిడత పడే చోటు అది. ట్రంపెట్ ఊదేవాడు ఊపిరి తీసుకునే చోటూ అదే.

ఆ కార్యక్రమంలో పాటతో ముడిపడ్డ ఆటలు చాలానే ఉన్నాయి. ఒక ఆటలో ఒక పాట మాటల్ని వేరే పాట బాణీలో పాడాలి. జరుక్ శాస్త్రి పేరడీలు చదివి నవ్వుకున్న తెలుగువాళ్లకు ఆ సరదా వేరే చెప్పక్కర్లేదు. ఇంకో ఆటలో రికార్డు మోగుతూ ఉంటుంది, ఆటగాడు దానితో కలిసి పాడుతూ ఉంటాడు. ఉన్నట్టుండి రికార్డు ధ్వని తగ్గించేస్తారు. ఆటగాడు మాత్రం ఆపకూడదు. ఒంటరిగా, తాళం మనసులో పెట్టుకుని పాడుకుంటూ పోవాలి. కాసేపటికి ధ్వని మళ్లీ పెంచుతారు. అప్పుడు ఆటగాడి గొంతూ రికార్డూ ఒకే మాట మీద కలిస్తే సభ హోరెత్తిపోతుంది, కలవకపోతే నవ్వుతో దద్దరిల్లుతుంది. ఇంట్లో విన్నవాళ్లు కూడా పాడుతూ పోటీ పడగలిగిన ఆట ఇది. జీవితమంతా లయతో గడిపిన మనిషి న్యాయనిర్ణేతగా కూర్చున్నాడు కనుకే దానికి అంత పస వచ్చింది.

అన్నిటికన్నా పేరుపడ్డ ఆట మార్నింగ్టన్ క్రెసెంట్. లండన్ రైలు స్టేషన్ల పేర్లు ఒకరి తరవాత ఒకరు చెబుతూ పోవాలి. మొదట ‘మార్నింగ్టన్ క్రెసెంట్’ అన్నవాడు గెలిచినట్టు. మరి మొదటి వంతులోనే ఎందుకు అనకూడదంటే, నియమాలు ఒప్పుకోవు. ఆ నియమాలేమిటో ఎవరూ చెప్పరు, ఎందుకంటే అవి లేవు. ఉన్నట్టే అందరూ గంభీరంగా వాదించుకుంటారు. ఇదే ఆటను కొత్తవలస–కిరండూల్ లైను మీద ఆడవచ్చు. ఒకరు బొడ్డవర అంటారు, ఇంకొకరు ఆలోచించి శివలింగపురం అంటారు, మూడోవారు బొర్రా గుహలు అనగానే ‘సొరంగం దాటాక ఆ ఎత్తు చెల్లదు’ అని అభ్యంతరం లేస్తుంది, చివరికి ఎవరో శిమిలిగుడ అని గెలుస్తారు. 996 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషను గెలుపుకు తగిన చోటే. ఆట అర్థం కావాలంటే లండన్ చూసి ఉండక్కర్లేదు. అందరితో కలిసి ముఖం నిబ్బరంగా పెట్టుకోగలిగితే చాలు. విన్నవాళ్లు ఒక్కసారిగా ఆటలో భాగస్తులయ్యేది అక్కడే.

మరమ్మతుల కోసం 1992లో మూసిన మార్నింగ్టన్ క్రెసెంట్ స్టేషను 1998 ఏప్రిల్ 27న తిరిగి తెరిచినప్పుడు ఈ హాస్య బృందాన్నే పిలిచారు. 1996లో చనిపోయిన విల్లీ రష్టన్ జ్ఞాపకార్థం తరవాత అక్కడ ఫలకం పెట్టారు. ఒక రేడియో ఆట నిజమైన రైల్వే స్టేషను గోడకు ఎక్కడం అభిమానుల బలం. హంఫ్ 1967 నుంచి బీబీసీలో జాజ్ రికార్డులు పరిచయం చేసే ‘ది బెస్ట్ ఆఫ్ జాజ్’ నడిపాడు, 2008 మార్చిలో ఆ కుర్చీ వదిలాడు. ఆ ఏప్రిల్ 25న, శస్త్రచికిత్స తరవాత, 86 ఏళ్ల వయసులో మరణించాడు. జాజ్ అభిమానులు ఒక వాద్యగాణ్ణి పోగొట్టుకున్నామన్నారు, హాస్య శ్రోతలు తమ అధ్యక్షుణ్ణి పోగొట్టుకున్నామన్నారు. ఇద్దరూ తలుచుకున్నది ఒకే మనిషిని.

ఇలాంటి మనుషులను తలుచుకునే తీరులో తెలుగు శ్రోతలకూ ఆంగ్ల శ్రోతలకూ తేడా లేదు. నటుణ్ణి తలుచుకుంటే ముఖం, వేషం గుర్తొస్తాయి. రేడియో మనిషిని తలుచుకుంటే శ్రోత తాను ఏం చేసేవాడో గుర్తొస్తుంది. అన్నయ్య, అక్కయ్య కార్యక్రమం విన్నవాళ్లు ఆ పాటలు తాము పాడిన తీరు చెబుతారు, హంఫ్‌ను విన్నవాళ్లు కారు నడుపుతూ పక్కవాళ్లతో స్టేషన్ల ఆట ఆడిన సంగతి చెబుతారు. అందుకే ఈ స్మరణలో ఏడుపు కన్నా అనుకరణ ఎక్కువ. పోయిన మనిషి ఆగినట్టు ఆగి, ఆ మనిషి అన్నట్టు ఒక మాట అని, అందరూ కలిసి నవ్వుతారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో మంచి హరిదాసు పోయినప్పుడు జరిగేదీ ఇదే. ఆయన పిట్టకథను ఎవరో ఒకరు ఆయన గొంతుతోనే చెబుతారు.

మనిషి పోయాక కార్యక్రమం ఏం కావాలన్న ప్రశ్న మిగులుతుంది. పేరు మార్చి కొత్తది పెట్టవచ్చు, ఆపేయవచ్చు, ఇంకొకరిని కూర్చోబెట్టవచ్చు. బీబీసీ కార్యక్రమం ఏడాదికి పైగా ఆగి, 2009 జూన్‌లో మళ్లీ మొదలైంది. మొదట ఒక్కరికి అప్పగించలేదు. స్టీఫెన్ ఫ్రై, జాక్ డీ, రాబ్ బ్రైడన్ వంతులవారీగా అధ్యక్షత వహించారు. కొంతకాలానికి జాక్ డీ స్థిరపడ్డాడు. ఆయన హంఫ్‌ను అనుకరించలేదు, తన చిరాకు ముఖంతోనే నడిపాడు. శ్రోతలు ఒప్పుకున్నారు. తెలుగు రేడియోలో అన్నయ్య, అక్కయ్య స్థానాలు వరసలు కనుక మార్పు ఇంకా సులువైంది. పాత అక్కయ్య తరవాత కొత్త అక్కయ్య వచ్చింది, పిల్లలు ఆమెనూ అలాగే పిలిచారు.